కంచం తోసే పాట

ఆ టీవీ చానల్లో ప్రకటనలు అమ్మేవాళ్ళందరికీ ఒకే ఒక్క మనిషంటే హడల్. పోనీ ఆవిడేమైనా పెద్ద కుర్చీలో కూర్చునే మనిషా అంటే, అసలు కుర్చీలోనే కూర్చోదు. పిల్లల కార్యక్రమాల మధ్యలో వచ్చే ప్రకటనల్ని ముందుగా చూసి, ఇది వెయ్యొచ్చు, ఇది వెయ్యకూడదు అని తేల్చడం ఆవిడ ఉద్యోగం. అందరూ ఆవిణ్ణి కత్తెరత్తయ్య అంటారు. ఎదురుగా అనరు లెండి, అంత గుండె ఎవరికుంది! మిగతావాళ్ళకి అది సరదాకి పెట్టుకున్న పేరు. ఒక్కడికి మాత్రం ఆవిడ నిజంగానే అత్తయ్య. అతను అదే ఆఫీసులో ప్రకటనలు తెచ్చే విభాగంలో పని చేస్తాడు, ఆవిడ ఒక్కగానొక్క కూతుర్ని చేసుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత ఉంది కదా, ఇక్కడ అది తిరగబడింది. అల్లుడు చెమటోడ్చి తెచ్చిన బేరాన్ని అత్తగారు గుమ్మంలోనే సాగనంపేసేది. సాయంత్రం ఇంటికొచ్చాక అదే అల్లుడికి తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చేది. ఏం చెప్పమంటారు ఆ సంసారం!

వరండా చివర ఆవిడ గది. అందులో టీవీ గోడకి ఉండదు. పిల్లలు కింద కూర్చుంటే సరిగ్గా కళ్ళకెదురుగా వచ్చేలా పొట్టిబల్ల మీద ఉంటుంది. ముందు ఒక చాప. చూడాల్సిన ప్రకటన రాగానే కత్తెరత్తయ్య మోకాళ్ళు పట్టుకుని, ‘అమ్మా’ అని ఒక మూలుగు మూలిగి, ఆ చాప మీద చతికిలబడుతుంది. మొదట శబ్దం తీసేసి బొమ్మ ఒక్కటే చూస్తుంది. తర్వాత టీవీకి వీపు పెట్టి, ఏదో అల్లికపని ఒళ్ళో వేసుకుని, శబ్దం ఒక్కటే వింటుంది. పిల్లలు వినేది అలాగే కదా, చేతులు ఆటలో, చెవి టీవీలో! మూడోసారి రెండూ కలిపి చూస్తుంది. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటుంది: ఇది చూసి లేచిన పిల్ల మొట్టమొదట చేసే పని ఏమిటి? ఆ ప్రశ్నకి తన మనసుకి నచ్చిన జవాబు దొరక్కపోతే ఇక ఆ ప్రకటన పని సరి.

ఆ చాప దగ్గర ఆగిపోయినవి ఎన్నో! ఆరేళ్ళ పిల్ల మొహానికి రాసే తెల్లక్రీము, పాతబూట్లు వేసుకొచ్చిన కుర్రాణ్ణి చూసి బడి మొత్తం పకపకా నవ్వే బొమ్మ, బుల్లి కుందేలు కార్టూను మధ్యలో నెత్తురు కక్కుకునే దెయ్యం, బొమ్మలాటలా ముస్తాబై వచ్చిన జూదం. తెచ్చినవాళ్ళు బతిమాలేవారు, బెదిరించేవారు. పూలగుత్తులు పంపేవారు కూడా. పూలగుత్తిని కిటికీలో పెట్టి, ప్రకటనని వెనక్కి పంపేది. ఆవిడ దగ్గర పప్పులుడకవని తెలిసినా, ఉడకబెట్టడానికి వచ్చేవాళ్ళు మాత్రం తగ్గేవారు కాదు.

అల్లుడు మొదట్లో తోటివాళ్ళతో కలిసి నవ్వాడు. “మా అత్తయ్యకి ఈ వయసులో మళ్ళీ చిన్నపిల్లవ్వాలని కోరిక” అనేవాడు. నవ్వుతూనే ఉండేవాడు గానీ, ఒకసారి ఆవిడ చూసే పద్ధతిలో తనూ ఆ చాప మీద కూర్చుని తనే తెచ్చిన ఒక ప్రకటన చూశాడు. కుర్చీలోంచి ముచ్చటగా కనబడ్డ పులి, కింద నుంచి చూస్తే మీదకి ఉరికింది. ఆ రోజునుంచీ అతనికి అత్తగారంటే లోపల్లోపల గొప్ప గౌరవం. పైకి ఒప్పుకుంటాడా? అల్లుడు కదా!

అత్తగారి ఇల్లూ, వీళ్ళ ఇల్లూ పక్కపక్క వాటాలు. మధ్యలో ఒక గోడ. ఆ గోడకి అటూ ఇటూ రోజంతా పరుగులు పెట్టే అయిదేళ్ళ పిల్ల పేరు పిచ్చుక. అసలు పేరు బళ్ళో పిలవడానికి, పిచ్చుక అన్నది మిగతా అన్నిటికీ. ఒక ముద్ద అమ్మ దగ్గర, ఇంకో ముద్ద అమ్మమ్మ దగ్గర తింటూ తిరిగేది కాబట్టి ఆ పేరు పడింది. తిండికి పేచీ పెట్టి ఎరగదు. రెండిళ్ళలోనూ ఒకటే కట్టుబాటు, గుమ్మం దాటాక ఆఫీసు మాట ఎత్తకూడదు. అది అత్తగారు పెట్టింది. అల్లుడి ప్రకటన పొద్దున ఆపేస్తే సాయంత్రం ఆ మాట ఎత్తేది కాదు, ఇంకో అప్పచ్చి ఎక్కువ వడ్డించేది. ఆవిడ క్షమాపణ అలా ఉండేది.

ఇలా ఉండగా ఉండల కంపెనీ వచ్చింది. కరకరలాడే చాక్లెట్ ఉండలు, పెట్టె నిండా. పిల్లల సాయంత్రం కార్యక్రమాలన్నిటికీ ఏడాది పొడుగునా వాళ్ళే ప్రకటనలిస్తామన్నారు. అంత పెద్ద బేరం ఆ ఆఫీసులో ఎవరూ తేలేదు. అల్లుడి పై అధికారి రిటైరవుతున్నాడు. ఈ బేరం కుదిర్చినవాడికే ఆ కుర్చీ అని డైరెక్టరుగారు స్వయంగా అన్నారు. ఆ కుర్చీ కోసం అల్లుడు ఎన్నాళ్ళనుంచో కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ అతని కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇక ఆ ప్రకటన సంగతి. బల్ల దగ్గర బూరెబుగ్గల పిల్లాడు. తల్లి కంచం పెడుతుంది. వాడు మోచేత్తో కంచాన్ని అవతలికి తోస్తాడు, గడ్డం పైకెత్తుతాడు, మూతి బిగిస్తాడు, కళ్ళు మూసుకుంటాడు. అంతే! ఇల్లంతా గంగవెర్రులెత్తుతుంది. తల్లి గరిటె పారేస్తుంది, తండ్రి మోకాళ్ళ మీద నడుస్తూ వస్తాడు, తాత తలకిందులుగా నిలబడతాడు. ఆఖరికి ఉండల పెట్టె వస్తుంది. పిల్లాడి నెత్తి మీదకి కిరీటం వస్తుంది. అందరూ చుట్టూ చేరి గంతులేస్తారు. దానికో పాట:

కంచం తోసెయ్, మూతి బిగించెయ్,
అమ్మే వస్తుంది, ఉండలు తెస్తుంది!

పాట కట్టినవాడి నోట్లో... పోనీలెండి, మనకెందుకు. ఒక్కసారి వింటే జిగురులా పట్టుకునేది మాత్రం నిజం.

అల్లుడికి ఆ ప్రకటన తెగ నచ్చింది. నచ్చితే నచ్చింది, దాన్ని ఇంటికి పట్టుకెళ్ళాడు. ప్రకటనలు అమ్మేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టని బుద్ధి ఒకటి ఉంటుంది: సొంత పిల్లని చూస్తే కూడా గిరాకీ కనబడుతుంది. ఆదివారం పూట పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీవీలో అది వేశాడు. పిచ్చుక నోరు తెరుచుకుని చూసింది. “మళ్ళీ!” అంది. మళ్ళీ వేశాడు. కాసేపటికి పిల్ల లేచి గది మధ్యలో గంతులేస్తూ పాట మొత్తం అప్పజెప్పింది. అల్లుడు గాలిలో తేలిపోయాడు. అప్పటికప్పుడు కంపెనీ ప్రతినిధికి ఫోన్ చేసి, “ఒక పాపకి చూపించామండీ. ఎగిరి గంతేసింది! ఆపితే ఒప్పుకోవడం లేదు” అన్నాడు. ఏ పాపో చెప్పలేదు. ప్రతినిధి మురిసిపోయి, ఉండల పెట్టెలు ఒక అట్టడబ్బా నిండా ఇంటికి పంపించాడు.

మర్నాడు పొద్దున అదే ప్రకటన వరండా చివరి గదిలోకి వెళ్ళింది. కత్తెరత్తయ్య మూలిగి చాప మీద కూర్చుంది. బొమ్మ చూసింది. వీపు తిప్పి పాట వింది. మూడోసారి చూస్తూ సగంలోనే ఆపేసింది. గుమ్మంలో నిలబడ్డ అల్లుడితో, “ఇది వెయ్యడానికి వీల్లేదు బాబూ” అంది.

“ఎందుకండీ? ఇందులో దెయ్యం లేదు, జూదం లేదు. పిల్లాడు అలుగుతాడు, తల్లి మిఠాయి ఇస్తుంది. అంతేగా!”

“పిల్ల లేచి మొదట ఏం చేస్తుంది? ఉండలు కొనుక్కోలేదు కదా, దాని దగ్గర డబ్బులుండవు. దాని చేతిలో ఉన్నది కంచం ఒక్కటే. అదే తోస్తుంది.”

“మీరు మరీ చెబుతారండీ. పిల్లలు పాట పాడుకుంటారు, మర్చిపోతారు.”

“ఏమో. మర్చిపోతారని నాకు నమ్మకం లేదు. వీల్లేదు” అందావిడ. అల్లుడు తలుపు కొంచెం గట్టిగానే వేసి వెళ్ళాడు. ఇక దారి ఒక్కటే మిగిలింది. కత్తెరత్తయ్య వద్దన్నదాన్ని కాదనే అధికారం డైరెక్టరుగారికి ఉంది. కానీ ఆవిణ్ణీ, కంపెనీ వాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి విన్నాకే కాదనాలి. బుధవారానికి ఆ సమావేశం ఏర్పాటైంది.

ఆ సాయంత్రం అత్తగారింట్లో అందరూ తినడానికి కూర్చున్నారు. అత్తగారు పిచ్చుక ముందు కంచం పెట్టింది. పిచ్చుక మోచేత్తో కంచాన్ని అవతలికి తోసింది. గడ్డం పైకెత్తింది. మూతి బిగించింది. కళ్ళు మూసుకుంది.

అత్తగారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

“ఇదేం కొత్త వేషమే?” అంది తల్లి. తర్వాత అత్తగారి వైపు తిరిగి, “వాళ్ళ నాన్న చూపించిన పాట అమ్మా ఇది. నిన్నట్నుంచీ ఒకటే గోల.”

అత్తగారు అల్లుడి వైపు ఒక్కసారి చూసింది. ఒక్కసారే. అల్లుడు తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని కాచుకుని ఉన్నాడు. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి, “ఆకలి లేదేమోలే, కాసేపాగి తింటుంది” అని పిల్ల కంచం మీద మూత పెట్టింది. అంతే. అల్లుడికి ఆ మౌనం తిట్టు కంటే బరువుగా తగిలింది. ఆ బరువు దింపుకోవడానికి తన వాటాలోకి వెళ్ళి ఒక ఉండల పెట్టె తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు. పిచ్చుక కళ్ళు తెరిచి కిలకిలా నవ్వింది. పాటలో చెప్పింది చెప్పినట్టు జరిగింది మరి!

మర్నాడు పొద్దున పాలగ్లాసు తోసింది. పెట్టె దొరికింది. బడినుంచి భోజనం డబ్బా మూత తియ్యకుండా తిరిగొచ్చింది. సాయంత్రం మళ్ళీ కంచం తోసింది, మళ్ళీ పెట్టె దొరికింది. భార్య మండిపడింది. “నువ్వే నేర్పావు, నువ్వే బహుమతులిస్తున్నావు. పిల్లని పెంచుతున్నావా, సర్కస్ ఆడిస్తున్నావా?” అంది. అల్లుడు బుధవారం ఒక్కటీ గడిస్తే అన్నీ సర్దేద్దామనుకున్నాడు. పిల్ల కడుపు బుధవారం దాకా ఆగుతుందా అన్నది మాత్రం ఆలోచించలేదు. కుర్చీ కళ్ళకి అడ్డం వస్తే మనిషికి కంచం కనబడదు కాబోలు.

బుధవారం పొద్దున పిచ్చుక మొహం పీక్కుపోయి ఉంది. కంచం తోసింది. అల్లుడు అలవాటుగా పెట్టె అందించాడు. పిచ్చుక పెట్టెని కూడా తోసేసింది.

“మరేం కావాలమ్మా?”

“ఇంకోటి.”

“ఇంకోటి అంటే?”

పిల్లకి తెలీదు. గడ్డం పైకెత్తి కూర్చుంది గానీ, ఆ గడ్డం వణికింది. అల్లుడికి మొదటిసారిగా భయం వేసింది. అయినా గడియారం చూసుకుని ఆఫీసుకి పరిగెత్తాడు. పాపం అనాలో, ఛీ అనాలో మీరే చెప్పండి.

సమావేశం గదిలో పొడుగాటి బల్ల. ఒక చివర డైరెక్టరుగారు, తక్కువ మాటల మనిషి. ఒక పక్క కంపెనీ ప్రతినిధి, నవ్వుమొహం, నున్నటి మాట. ఇంకో పక్క కత్తెరత్తయ్య. అలవాటు లేని కుర్చీలో అంచుకి కూర్చుంది. అల్లుడు ప్రతినిధి పక్కన కూర్చోవాలి, అది అతని ఉద్యోగం. అత్తగారికి సరిగ్గా ఎదురు పడ్డాడు.

“మీ అభ్యంతరం ఏమిటో చెప్పండమ్మా” అన్నారు డైరెక్టరుగారు.

“ఇది తిండి మానేస్తే గెలుస్తావని పిల్లలకి చెబుతోందండీ” అంది కత్తెరత్తయ్య.

ప్రతినిధి నవ్వాడు. “అమ్మా, పిల్లలు అలగడం మేము నేర్పాలా? తరతరాలుగా అలుగుతూనే ఉన్నారు. మీరు అలగలేదా చిన్నప్పుడు?”

“అలిగాను. మా అమ్మ పట్టించుకోలేదు. ఆకలేసి నేనే వెళ్ళి తిన్నాను. అలకంటే అంతటితో పోవాలి. మీరు అలిగినవాడి నెత్తిన కిరీటం పెట్టారు. ఇక వాడెందుకు దిగుతాడు?”

“సరదాగా తీసుకోవాలమ్మా! ఇది చూసి అన్నం మానేసిన పిల్లని ఒక్కర్ని చూపించండి. ఒక్కర్ని చాలు. ఇప్పుడే ఈ ప్రకటన పట్టుకుని వెళ్ళిపోతాను.”

అల్లుడి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. లోకం మొత్తంలో ఆ ప్రకటన చూసిన పిల్ల ఒక్కతే ఉంది. ఆ పిల్ల కంచం తోస్తుంటే కత్తెరత్తయ్య రెండు కళ్ళారా చూసింది. ఒక్క మాట అంటే చాలు, గెలుపు ఆవిడది. అల్లుడు ఆవిడ పెదవుల వైపే చూస్తున్నాడు.

“ఇంకా ప్రసారమే కాని ప్రకటనని చూసిన పిల్లని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?” అందావిడ.

అల్లుడు విన్నది నమ్మలేకపోయాడు. ఆవిడ బల్ల కేసి చూస్తోంది. చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుని ఉన్నాయి.

“ఎందుకు లేదమ్మా, ఉంది!” అని ప్రతినిధి అందుకున్నాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. “మా మిత్రుడు ఒక పాపకి చూపించాడు. ఎగిరి గంతేసిందట. ఆపితే ఒప్పుకోలేదట. చెప్పవయ్యా!”

డైరెక్టరుగారు అల్లుడి వైపు తిరిగారు. “ఎవరా పాప?”

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది అతని పని. నోరు తెరవబోయాడు. అతనికంటే ముందు అత్తగారే మాట్లాడింది.

“ఎవరో పిల్లలెండి. ఒక్క పిల్లని బట్టి ఏం తేలుతుందండీ? గంతేస్తే మంచిదనీ కాదు, ఏడిస్తే చెడ్డదనీ కాదు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.”

ఎక్కడైనా ఉందా ఇది! తన పక్షం సాక్షిని తనే తలుపు బయటికి తోసి గడియ పెట్టుకుంటోందావిడ. ఎవరికోసం? ఎదురుగా కూర్చుని నోరు పెగలని ఈ మనిషి కోసం. ఏళ్ళ తరబడి ఏ పూలగుత్తికీ, ఏ బెదిరింపుకీ వంగని ఆడమనిషి, అల్లుడి తల పదిమందిలో వంగకూడదని తను ఓడిపోవడానికి సిద్ధపడింది. అల్లుడికి కళ్ళు మండాయి. తను ఇన్నాళ్ళూ ఈవిడ కత్తెరని చూసి గౌరవించాడు. మనిషిని ఇవాళే చూస్తున్నాడు.

డైరెక్టరుగారు నిట్టూర్చారు. “అయితే మీ దగ్గర అనుమానం తప్ప ఆధారం లేదన్నమాట. క్షమించండమ్మా. ఈసారికి మీ మాట పక్కన పెట్టాల్సి వస్తోంది.”

కత్తెరత్తయ్య తల ఊపింది. అంతే, తల ఊపి కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది.

“మా అమ్మాయండీ” అన్నాడు అల్లుడు.

ఎవరికీ అర్థం కాలేదు. అతనికే తన గొంతు వింతగా వినబడింది.

“ఆ పాప మా అమ్మాయి. నేను ఆదివారం చూపించాను. సోమవారం నుంచీ కంచం తోసేస్తోంది. బొమ్మలో పిల్లాడు చేసినట్టే, గడ్డం కూడా అలాగే ఎత్తుతుంది. తోసినప్పుడల్లా నేను ఉండలు ఇచ్చాను.”

“అదేనయ్యా, ఉండలు తిందిగా!” అన్నాడు ప్రతినిధి, నవ్వుని వదలకుండా.

“ఇవాళ పొద్దున అవి కూడా తోసేసిందండీ. ఇంకోటేదో కావాలంది. ఏం కావాలో దానికే తెలీదు. తొయ్యడం ఒక్కటే నేర్చుకుంది. ఖాళీ కడుపుతో కూర్చుని తోస్తోంది.” అతను అత్తగారి వైపు తిరిగాడు. “మా అత్తయ్యకి ఇదంతా తెలుసు. ఎదురుగా జరిగింది. నా కోసం చెప్పలేదు.”

డైరెక్టరుగారు ప్రతినిధితో, “మీరు ఒక్కర్ని చూపించమన్నారు” అన్నారు.

ప్రతినిధి లేచాడు. నవ్వు ఎటు పోయిందో! “మీ ఆఫీసులో ఇళ్ళ గొడవలు కూడా బల్ల మీద పెడతారని తెలీదు” అని, పోయేటప్పుడు అల్లుడి వైపు చూడనైనా చూడలేదు. ఏడాది బేరం ఆ తలుపులోంచే వెళ్ళిపోయింది. దాని వెనకే కుర్చీ కూడా వెళ్ళిపోయిందని అల్లుడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

వరండాలోకి రాగానే కత్తెరత్తయ్య అతని మీద విరుచుకుపడింది. “ఎందుకు చెప్పారు బాబూ? మిమ్మల్నెవరు చెప్పమన్నారు? నేను ఇంకో దారి చూసేదాన్ని కదా!”

“ఏ దారండీ?”

ఆవిడ ఆగింది. ఆలోచించింది. “లేదు. అయినా చూసేదాన్ని” అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఎన్నేళ్ళ ఆశ మీది! నా కూతురు రోజూ చెప్పేది, ఆయనకి ఆ కుర్చీ వస్తే బావుండునని.”

“మీరెందుకు చెప్పలేదత్తయ్యా? ఒక్క మాటతో అయిపోయేది.”

“అల్లుడి పరువు తీసి గెలిచే గెలుపు నాకెందుకు? అదీకాక పిచ్చుకని ఆ బల్ల మీద పెట్టడానికి నాకు నోరు రాలేదు. కన్నతండ్రి మీరు, మీరు పెట్టొచ్చు. నేను పెట్టకూడదు.” ముక్కు చీదుకుని, “పదండి, ఇంటికెళ్ళి దాని సంగతి చూద్దాం. అసలు పని అక్కడుంది” అంది.

సాయంత్రం పిచ్చుక గుమ్మంలోనే ఎదురొచ్చింది. “నాన్నా, నా పాట టీవీలో ఎప్పుడొస్తుంది?”

“రాదు తల్లీ.”

“ఎందుకు రాదు?”

“నేనే వద్దన్నాను.”

ఇక చూడండి! ఆ ఏడుపు పక్కవాటాకే కాదు, వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. “నువ్వు చెడ్డ నాన్నవి!” అంది. నాన్నలందరినీ మోకాళ్ళ మీద నడిపించి నవ్వించే ప్రకటనలు అమ్ముకుని బతికిన మనిషి ఆ మాట పడ్డాడు. నిలబడి పడ్డాడు. ఉండల అట్టడబ్బాని భార్య మధ్యాహ్నమే బయటికి పంపించేసింది, ఇద్దామన్నా ఇంట్లో లేదు.

నలుగురూ తినడానికి కూర్చున్నారు. పిచ్చుక వెక్కుతూనే కంచం తోసింది. గడ్డం ఎత్తింది. తల్లి చెయ్యి అటు కదలబోతే అత్తగారు కళ్ళతోనే వద్దంది. “కంచం తియ్యొద్దు. బతిమాలొద్దు, తిట్టొద్దు. మీరు తినండి” అని అల్లుడితో మెల్లిగా అంది.

“పిల్ల అలా ఉంటే నేనెలా తిననండీ?”

“మీరు తినకపోతే అదీ అలకే.”

అతను తిన్నాడు. కంట్లో నీళ్ళు కంచంలో పడుతుంటే తల వంచుకుని తిన్నాడు. అత్తగారు మధ్యలో ఏదో పక్కింటివాళ్ళ కుక్క ముచ్చట ఎత్తుకుంది. దానికి భార్య నవ్వబోయి ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఎవరూ పిచ్చుక వైపు చూడలేదు. పిచ్చుక ఒక కన్ను తెరిచింది. ఎవరూ గరిటె పారెయ్యలేదు. తలకిందులుగా ఎవరూ నిలబడలేదు. పిల్ల కుర్చీ దిగి మూలకి పోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. వెక్కిళ్ళు కాసేపు గట్టిగా వినిపించాయి, తర్వాత సన్నగా.

ఆ కాసేపూ అల్లుడికి ఎలా గడిచిందో అతనికే తెలియాలి. మూలకి పరిగెత్తి పిల్లని గుండెలకి హత్తుకుని, నీకేం కావాలంటే అది ఇస్తానమ్మా అందామని కాళ్ళు పీకాయి. అత్తగారు అతని వైపు చూడకుండానే తన కంచంలోది తింటూ కూర్చుంది. ఆవిడ గుండె మాత్రం రాయా? మనవరాలు కదా అది! ఎత్తబోయిన ముద్దనే ఆవిడ చెయ్యి మళ్ళీ మళ్ళీ కలపడం అతనికి కనబడింది. ఆ చెయ్యి చూసి అతనూ కూర్చున్నాడు.

అందరి కంచాలూ ఖాళీ అయ్యాయి. ఒక్కటే నిండుగా ఉంది.

చొక్కా అంచు ఎవరో లాగారు. పిచ్చుక. బుగ్గల మీద చారలు కట్టిన మొహం, కిందికి దిగిన గడ్డం. పాట లేదు, వేషం లేదు.

“నాన్నా,” అంది నెమ్మదిగా, “ఆకలేస్తోంది.”

పిల్లల కోసం ఎన్ని వందల ప్రకటనలు అమ్మాడో ఆ మనిషి. వాటిలో ఒక్క పిల్ల కూడా ఆ మాట అనగా అతను వినలేదు. కుర్చీ వెనక్కి జరిపి పిల్లని ఒళ్ళోకి ఎత్తుకున్నాడు. ఏదో చెప్పబోయాడు గానీ గొంతులోంచి రెండు మాటలే వచ్చాయి.

“నోరు తెరువమ్మా.”

పిచ్చుక నోరు తెరిచింది.